ఆర్సెనల్ సొంత మైదానాలు, శిక్షణ కేంద్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రను కప్పుల లెక్కతో చెప్పడం పరిపాటి. లండన్ నగరపు ఆర్సెనల్ విషయంలో మాత్రం ఆ క్లబ్ ఏ నేల మీద ఆడింది, ఆ నేల ఎవరిది, అక్కడికి జనం ఎలా చేరుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబు తెలిస్తేనే మిగిలిన చరిత్ర అర్థమవుతుంది. అద్దె నేల మీద ఉన్నంతకాలం ఈ క్లబ్ నిలదొక్కుకోలేదు. రైలు దిగి నేరుగా నడిచి వెళ్లగలిగే చోటికి మారాకే ఎదిగింది. పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఆ కోణం నుంచే ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ఆర్సెనల్ ఇంతవరకు ఎన్ని మైదానాలలో ఆడింది?

సొంత మైదానాలుగా చెప్పదగినవి ఆరు. 1886లో ప్లమ్‌స్టెడ్ కామన్ అనే బహిరంగ స్థలంలో మొదలుపెట్టి, 1887లో స్పోర్ట్స్‌మన్ గ్రౌండ్‌కు, 1888లో మేనర్ గ్రౌండ్‌కు, 1890లో ఇన్‌విక్టా గ్రౌండ్‌కు మారారు. 1893లో మళ్లీ మేనర్ గ్రౌండ్‌కే తిరిగివచ్చి ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నారు. 1913 నుంచి 2006 వరకు హైబరీ, ఆ తరువాత నేటి వరకు ఎమిరేట్స్ స్టేడియం. ఇవి కాక, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టాటెన్‌హామ్ క్లబ్ మైదానమైన వైట్ హార్ట్ లేన్‌లోనూ, 1998 నుంచి రెండు సీజన్ల పాటు యూరప్ క్లబ్‌ల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లకు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలోనూ తాత్కాలికంగా ఆడారు.

క్లబ్ ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఈ ఆరింటిలో ఎక్కడా జరగలేదు. 1886 డిసెంబర్ 11న, డయల్ స్క్వేర్ అనే పేరుతో, థేమ్స్ నది అవతల ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని ఒక ఖాళీ పొలంలో ఈస్టర్న్ వాండరర్స్ జట్టుతో ఆడి 6–0తో గెలిచారు.

ఆయుధ కర్మాగారపు కార్మికులు మైదానాన్ని ఎలా సమకూర్చుకున్నారు?

ఆగ్నేయ లండన్‌లోని వూలిచ్‌లో ఉన్న రాయల్ ఆర్సెనల్ అనే ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పనిచేసేవారు తమలో తాము చందాలు వేసుకుని ఈ జట్టును స్థాపించారు. వారికి సొంతంగా నేల కొనే స్థోమత లేదు. ప్లమ్‌స్టెడ్ కామన్ అందరిదీ కాబట్టి అక్కడ అద్దె ఉండదు. అయితే కంచె కూడా ఉండదు, కంచె లేనిచోట టిక్కెట్టు అమ్మడం కుదరదు. స్పోర్ట్స్‌మన్ గ్రౌండ్ అంతకుముందు పందుల పెంపకానికి వాడిన చిత్తడి నేల. అక్కడ నీరు నిలుస్తూ ఉండడంతో దగ్గరలోనే ఉన్న మేనర్ గ్రౌండ్‌కు మారారు. అక్కడ కూడా మొదట్లో గ్యాలరీలు లేవు. పెద్ద మ్యాచ్ ఉన్న రోజున సమీపంలోని సైనిక శిబిరం నుంచి బండ్లు అరువు తెచ్చి వరుసగా నిలబెడితే, ప్రేక్షకులు వాటి మీదికెక్కి ఆట చూసేవారు.

ఇన్‌విక్టా గ్రౌండ్ అన్ని వసతులతో ఉండగా, దానిని మూడేళ్లకే ఎందుకు వదులుకున్నారు?

ఇన్‌విక్టాలో పక్కా స్టాండు, మెట్ల గ్యాలరీ, దుస్తులు మార్చుకునే గదులు ఉండేవి. 1891 ఈస్టర్ సమయంలో స్కాట్లండ్ జట్టు హార్ట్స్‌తో జరిగిన మ్యాచ్‌కు సుమారు 12,000 మంది వచ్చారు. కార్మికుల జట్టుకు ఆ రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు. అదే ఏడాది క్లబ్ ఆటగాళ్లకు జీతాలిచ్చే వృత్తి క్లబ్‌గా మారింది. 1893లో ఫుట్‌బాల్ లీగ్ ప్రవేశం కూడా ఖాయమైంది.

ఇది తెలిసిన వెంటనే స్థల యజమాని జార్జ్ వీవర్ అద్దెను భారీగా పెంచారు. లీగ్‌లో ఆడాలంటే మైదానం తప్పనిసరి కాబట్టి క్లబ్‌కు వేరే దారి లేదని ఆయన భావించి ఉండవచ్చు. కమిటీ మాత్రం లొంగలేదు. పరిమిత బాధ్యత కంపెనీని ఏర్పాటు చేసి, వాటాలు అమ్మి, ఆ సొమ్ముతో మేనర్ గ్రౌండ్‌ను కొనుగోలు చేసింది. వాటాదారులలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల నివసించే కార్మికులే. క్లబ్ చరిత్రలో తొలి పెద్ద ఆర్థిక నిర్ణయం ఆటగాడిని కొనడానికి కాక నేలను కొనడానికి తీసుకున్నదని గమనించాలి. ఇన్‌విక్టా ఉన్న చోట తరువాత ఇళ్లు కట్టేశారు.

మేనర్ గ్రౌండ్‌లో ఇరవై ఏళ్లు ఉండి కూడా క్లబ్ ఎందుకు దివాలా అంచుకు చేరింది?

సొంత నేల దక్కింది గాని, అది జనానికి అందుబాటులో లేదు. మధ్య లండన్ నుంచి ప్లమ్‌స్టెడ్‌కు రావాలంటే ప్రయాణం దూరం, రైళ్లు తక్కువ. 1899లో మొదలైన బోయర్ యుద్ధ కాలంలో కర్మాగారంలో పని గంటలు పెరిగి, శనివారం మధ్యాహ్నం మైదానానికి రావలసిన కార్మికులు యంత్రాల దగ్గరే ఉండిపోయారు. ఊరి మురుగునీటిని మోసుకుపోయే పెద్ద గొట్టపు కట్ట ఒకటి మైదానం పక్కగా ఎత్తున వెళ్లేది. దాని మీద నిలబడితే డబ్బు కట్టకుండానే ఆట కనిపించేది.

1904లో జట్టు అప్పటి అగ్రశ్రేణి అయిన మొదటి డివిజన్‌కు చేరినప్పుడు ఒకవైపు ఎత్తైన మట్టి గ్యాలరీని నిర్మించారు. బోయర్ యుద్ధంలో స్పియాన్ కాప్ అనే కొండపై జరిగిన పోరాటాన్ని తలచుకుంటూ అక్కడి సైనికులు దానికి ఆ పేరే పెట్టారు. లివర్‌పూల్ వారి ప్రసిద్ధ కాప్ గ్యాలరీ కట్టడానికి రెండేళ్ల ముందు మాట ఇది. అంతకుముందు 1895లో ప్రేక్షకుల అల్లరి కారణంగా మైదానాన్ని కొన్ని వారాలు మూసివేస్తే, క్లబ్ తన సొంత మ్యాచ్‌లను వేరే ఊళ్లలో ఆడవలసి వచ్చింది. ఇతర లండన్ క్లబ్‌లు పుట్టుకొచ్చిన కొద్దీ, అప్పట్లో వూలిచ్ ఆర్సెనల్ అని పిలిచే ఈ క్లబ్ గేటు రాబడి తగ్గుతూ పోయి, 1910 నాటికి ఖజానా పూర్తిగా అడుగంటింది.

దక్షిణ లండన్ క్లబ్ ఉత్తర లండన్‌కు ఎలా చేరింది?

1910లో క్లబ్‌ను చేజిక్కించుకున్న హెన్రీ నోరిస్ అప్పటికే ఫుల్‌హామ్ క్లబ్ అధిపతి. రెండింటినీ విలీనం చేయాలని, అది కుదరకపోతే రెండూ క్రేవెన్ కాటేజ్ మైదానాన్ని పంచుకోవాలని ఆయన ప్రతిపాదించగా లీగ్ అధికారులు అంగీకరించలేదు. దాంతో ఆయన లండన్ అంతటా కొత్త స్థలం కోసం వెతికి, ఇస్లింగ్టన్ ప్రాంతంలోని సెయింట్ జాన్స్ దైవశాస్త్ర కళాశాల ఆటస్థలాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపికకు కారణం ఆ నేల నాణ్యత కాదు. స్థలానికి ఆనుకుని గిల్లెస్పీ రోడ్ భూగర్భ రైల్వే స్టేషన్ ఉంది. 1906లోనే అది తెరుచుకుంది. నగరం నడిబొడ్డు నుంచి కొద్ది నిమిషాలలో ప్రేక్షకుడు మైదానం గుమ్మం దగ్గర దిగవచ్చు.

20,000 పౌండ్లకు 21 ఏళ్ల లీజు కుదిరింది. కళాశాల వారు పెట్టిన షరతులు రెండు: క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజులలో ఆట ఆడరాదు, మైదానంలో మద్యం అమ్మరాదు. ఆ పత్రం మీద కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ సంతకం ఉంది. 1925లో క్లబ్ ఆ నేలను 64,000 పౌండ్లకు పూర్తిగా కొనుక్కున్న తరువాతే షరతులు తొలగిపోయాయి.

వూలిచ్ అభిమానులకు ఇది తీరని నష్టమే. తాము చందాలు వేసి పెంచిన క్లబ్ నది దాటి వెళ్లిపోతుంటే వారు పత్రికలకు రాసిన నిరసనలలో న్యాయం ఉంది. అదే సమయంలో, తరలింపు జరగకపోతే ఆ క్లబ్ బతికేది కాదన్నది కూడా ఖాతా పుస్తకాలు చెప్పే నిజం.

టాటెన్‌హామ్‌తో వైరానికి మూలం ఈ తరలింపేనా?

మొదటి కారణం ఇదే. టాటెన్‌హామ్ హాట్‌స్పర్, క్లాప్టన్ ఓరియెంట్ క్లబ్‌లు తమ ఇలాకాలోకి మరొక క్లబ్ వస్తే తమ ప్రేక్షకులు చీలిపోతారని అభ్యంతరం చెప్పాయి. లీగ్ దానిని తోసిపుచ్చింది. 1919లో మొదటి డివిజన్‌ను విస్తరించినప్పుడు ఆర్సెనల్‌కు చోటు దక్కి టాటెన్‌హామ్‌కు దక్కకపోవడంతో వైరం ముదిరింది. ఇంత జరిగినా అవసరం వచ్చినప్పుడు రెండు క్లబ్‌లూ ఒకదాని ఇంట మరొకటి తలదాచుకున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో వైట్ హార్ట్ లేన్‌ను ప్రభుత్వం తీసుకున్నప్పుడు టాటెన్‌హామ్ కొన్ని మ్యాచ్‌లను హైబరీలో ఆడింది. రెండో యుద్ధంలో హైబరీని వైమానిక దాడుల రక్షణ కేంద్రంగా మార్చినప్పుడు ఆర్సెనల్ వైట్ హార్ట్ లేన్‌లో ఆడింది.

హైబరీ తొలి మ్యాచ్ నాటికి నిర్మాణం పూర్తయిందా?

పూర్తి కాలేదు. ఆ కాలపు ప్రముఖ స్టేడియం రూపశిల్పి ఆర్చిబాల్డ్ లీచ్ గీసిన నమూనా ప్రకారం తూర్పున ఒక పెద్ద స్టాండు, మిగతా మూడు వైపులా మట్టి గ్యాలరీలు రావాలి. స్థలం ఏటవాలుగా ఉండడంతో ఒక చివరను ఎత్తు చేసి, మరో చివరను తవ్వి చదును చేయవలసి వచ్చింది. 1913 సెప్టెంబర్ 6న లెస్టర్ ఫాస్‌తో తొలి మ్యాచ్ జరిగే నాటికి స్టాండు పని సాగుతూనే ఉంది. ఆర్సెనల్ తరఫున అక్కడ తొలి గోల్ చేసిన జార్జ్ జోబీ ఆట మధ్యలో గాయపడగా, చికిత్సకు సరైన గది లేక అతణ్ణి ఒక పాలబండి మీద ఎక్కించి తీసుకువెళ్లారు. ఆ మ్యాచ్‌ను ఆర్సెనల్ 2–1తో గెలిచింది.

మట్టి గ్యాలరీల కోసం చుట్టుపక్కల వారిని చెత్తా రాళ్లూ తెచ్చి పోయమన్నారని, అలా వచ్చిన ఒక బొగ్గు వ్యాపారి గుర్రం బండితో సహా గుంతలో పడి అక్కడే సమాధి అయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దీనిని కథగానే తీసుకోవాలి.

హెర్బర్ట్ చాప్‌మన్ మైదానానికి ఏమి చేశారు?

1925లో మేనేజర్‌గా వచ్చిన చాప్‌మన్‌ను ఆట వ్యూహకర్తగానే ఎక్కువమంది గుర్తుంచుకుంటారు. మైదానం కూడా జట్టులో భాగమేనని ఆయన నమ్మారు. 1932 డిసెంబర్‌లో వేల్స్ యువరాజు ప్రారంభించిన పడమటి స్టాండు, 1936లో పూర్తయిన తూర్పు స్టాండు ఆర్ట్ డెకో శైలిలో ఒకదానికొకటి ఎదురుగా నిలిచాయి. వాటి రూపశిల్పులు క్లాడ్ ఫెరియర్, విలియం బిన్నీ. ఫెరియర్ 1935లో మరణించడంతో తూర్పు స్టాండును బిన్నీ పూర్తి చేశారు. దానికి సుమారు 1,30,000 పౌండ్లు ఖర్చయింది. అది చూడడానికి చాప్‌మన్ కూడా లేరు. 1934 జనవరిలోనే ఆయన కన్నుమూశారు.

తూర్పు స్టాండు ముఖద్వారం దాటగానే మార్బుల్ హాల్స్ అని పిలిచే ప్రవేశ మందిరం ఉండేది. మెరుగుపెట్టిన నేల, ఎదురుగా శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ చేసిన చాప్‌మన్ కంచు ప్రతిమ, అక్కడి నుంచి ఆటగాళ్ల గదులకు దారి. ఆ గదులలో నేల కింద నుంచి వెచ్చదనం వచ్చే ఏర్పాటు చేశారు. బయటి నుంచి చూస్తే వీధిలోని ఇళ్ల వరుసలో కలిసిపోయిన తెల్లటి భవనం. లోపలికి వెళ్లిన ప్రత్యర్థి ఆటగాడికి తాను ఎక్కడికి వచ్చాడో ఆ మందిరమే చెప్పేది. క్రీడా భవనాలలో ఇంత హుందాతనం అరుదు అనే మా నమ్మకం.

గిల్లెస్పీ రోడ్ స్టేషన్ పేరు ఆర్సెనల్‌గా మారడం కూడా చాప్‌మన్ పట్టుదల ఫలితమే. 1932లో రైల్వే వారు టిక్కెట్లు, పటాలు, బోర్డులు అన్నీ మార్చారు. మైదానంలో ఆయన పెట్టించిన పెద్ద గడియారం మొదట 45 నిమిషాలు లెక్కపెట్టేది. రిఫరీ అధికారానికి అది అడ్డువస్తుందని ఫుట్‌బాల్ సంఘం అభ్యంతరం చెప్పడంతో మామూలు గడియారంగా మార్చారు. తరువాత దానిని దక్షిణపు గ్యాలరీకి తరలించగా, ఆ వైపు క్లాక్ ఎండ్ అనే పేరు స్థిరపడింది.

హైబరీలో అత్యధికంగా ఎంతమంది ఆట చూశారు?

1935 మార్చి 9న సండర్లండ్‌తో గోల్స్ లేకుండా ముగిసిన మ్యాచ్‌కు 73,295 మంది హాజరయ్యారు. అప్పట్లో చాలామంది నిలబడే చూసేవారు కాబట్టి ఆ సంఖ్య సాధ్యమైంది. ఇంగ్లండ్‌లో తొలి ఫుట్‌బాల్ రేడియో ప్రత్యక్ష వ్యాఖ్యానం 1927 జనవరి 22న ఇక్కడి నుంచే వెలువడింది. 1937 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ తన రిజర్వు జట్టుతో ఆడిన ప్రదర్శన మ్యాచ్‌ను టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూపింది కూడా ఇక్కడి నుంచే. ఫ్లడ్‌లైట్లు 1951లో వచ్చాయి. 1966 మేలో మహమ్మద్ అలీ, హెన్రీ కూపర్‌ల మధ్య ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ పోటీ ఈ మైదానంలోనే జరిగింది.

నార్త్ బ్యాంక్ ముందు కట్టిన గోడ చిత్రం సంగతి ఏమిటి?

1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయిన తరువాత, లార్డ్ జస్టిస్ టేలర్ నివేదిక పెద్ద క్లబ్‌లన్నీ నిలబడే గ్యాలరీలను తొలగించి కూర్చునే సీట్లు వేయాలని సిఫారసు చేసింది. హైబరీలో ఉత్తరపు గ్యాలరీ అయిన నార్త్ బ్యాంక్ చివరిసారిగా నిండింది 1992 మే 2న, సౌతాంప్టన్ మీద 5–1తో గెలిచిన రోజున. ఆ తరువాతి సీజన్ అంతా అక్కడ నిర్మాణం సాగుతుంటే, ఆటగాళ్లకు ఖాళీ కనిపించకుండా వేలాది అభిమానుల బొమ్మలు గీసిన పెద్ద తెరను నిలబెట్టారు. ఆ బొమ్మలలో నల్లజాతివారు ఒక్కరూ లేరని విమర్శ రావడంతో చిత్రాన్ని సరిదిద్దారు. గ్యాలరీలో నిజంగా నిలబడిన జనం ఎవరో గుర్తించకుండా గీసిన బొమ్మ అది. ఆ విమర్శ పూర్తిగా న్యాయమైనదే. సుమారు 12,000 సీట్లతో కొత్త నార్త్ బ్యాంక్ 1993లో సిద్ధమైంది. అన్నీ సీట్లే అయ్యాక హైబరీ సామర్థ్యం 38,419కి పడిపోయింది.

వెంబ్లీలో ఎందుకు ఆడవలసి వచ్చింది?

ఛాంపియన్స్ లీగ్ నిబంధనల ప్రకారం ప్రకటనల బోర్డులకు అదనంగా చోటు వదలాలి. అలా చేస్తే హైబరీలో సీట్లు ఇంకా తగ్గుతాయి. అందుకని 1998–99, 1999–2000 సీజన్లలో ఆ టోర్నీ మ్యాచ్‌లను వెంబ్లీకి మార్చారు. 1998 నవంబర్‌లో ఫ్రాన్స్ జట్టు లాన్స్‌తో ఆడినప్పుడు 73,707 మంది వచ్చారు. ఆర్సెనల్ సొంత మ్యాచ్‌కు వచ్చిన ప్రేక్షకులలో ఇదే అత్యధికం. ఆటపరంగా ఆ రెండేళ్లూ నిరాశే మిగిల్చినా, హైబరీకి దాదాపు రెట్టింపు స్టేడియం ఉన్నా నిండుతుందని క్లబ్‌కు అక్కడే తెలిసివచ్చింది.

హైబరీనే విస్తరించి ఉండవచ్చు కదా?

ఆలోచన చేశారు. నాలుగు వైపులా ఇళ్లు ఉన్నాయి. విస్తరించాలంటే వాటిలో కొన్నింటిని కొని కూల్చాలి. స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. పైగా తూర్పు స్టాండును 1997లో రక్షిత కట్టడంగా ప్రకటించడంతో దానిని ముట్టుకునే వీలు లేకుండాపోయింది. వెంబ్లీని కొనే ప్రయత్నం కూడా ఫలించలేదు. చివరికి 1999లో, హైబరీకి అర కిలోమీటరు లోపు దూరంలో, రెండు రైలుమార్గాల నడుమ ఉన్న యాష్‌బర్టన్ గ్రోవ్ అనే పారిశ్రామిక స్థలాన్ని ఎంచుకున్నారు. అక్కడ ఇస్లింగ్టన్ పురపాలక వ్యర్థాల కేంద్రం ఉండేది. దానికి బదులుగా క్లబ్ వేరేచోట కొత్త కేంద్రం కట్టించి ఇచ్చింది. అక్కడి చిన్న వ్యాపారులకు కూడా స్థలం చూపవలసి వచ్చింది. 2001 డిసెంబర్‌లో అనుమతి లభించింది.

అభిమానులు అదే రైలు దిగి, అవే వీధుల గుండా నడిచి కొత్త స్టేడియానికి వెళ్లగలగడం ఈ ఎంపికలోని గొప్ప గుణం. నగరం అంచున విశాలమైన చవక నేల దొరికేదే. అయినా 1913లో నేర్చుకున్న పాఠాన్ని క్లబ్ విడిచిపెట్టలేదు.

ఎమిరేట్స్ స్టేడియానికి ఎంత ఖర్చయింది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

మొత్తం పథకానికి సుమారు 39 కోట్ల పౌండ్లు అయ్యాయి. 2004 ఫిబ్రవరిలో 26 కోట్ల పౌండ్ల బ్యాంకు రుణం ఖరారై పని ఊపందుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఎమిరేట్స్ విమాన సంస్థతో సుమారు 10 కోట్ల పౌండ్ల ఒప్పందం కుదిరింది: స్టేడియానికి పేరు 15 ఏళ్లు, చొక్కాల మీద ప్రకటన 8 ఏళ్లు. 2012లో దీనిని పొడిగించారు. పేరు అమ్ముకోవడం నచ్చని అభిమానులు మొదట్లో యాష్‌బర్టన్ గ్రోవ్ అనే పిలిచేవారు. ప్రాయోజక పేర్లను అనుమతించని యూరప్ పోటీలలో దీనిని ఆర్సెనల్ స్టేడియం అనే రాస్తారు.

అప్పు తీర్చే భారం జట్టు మీద పడింది. మేనేజర్ ఆర్సెన్ వెంగర్ ఏటా ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధిస్తూనే, పేరున్న ఆటగాళ్లను అమ్ముకోవలసి వచ్చింది. 2005 తరువాత 2014 వరకు ప్రధాన ట్రోఫీ ఒక్కటీ రాలేదు. ఆ తొమ్మిదేళ్ల కరవును వెంగర్ అసమర్థతగా కొట్టిపారేసినవారు, ఆయన ఆ కాలంలో జట్టుతో పాటు ఒక స్టేడియం అప్పును కూడా మోస్తున్నారన్న సంగతిని మరిచారు. స్టేడియం నిమిత్తం మిగిలి ఉన్న బాండ్లను 2020లో యజమాని సంస్థ ఇచ్చిన నిధులతో తీర్చివేశారు.

కొత్త స్టేడియం సామర్థ్యం ఎంత? తొలి మ్యాచ్ ఎవరితో?

ప్రారంభంలో 60,432. కింది అంతస్తులో 24,425, మధ్యలోని క్లబ్ అంతస్తులో 7,139, పై అంతస్తులో 26,646, ప్రత్యేక బాక్సులలో 2,222 సీట్లు ఉండేవి. తరువాత స్వల్పంగా పెరిగి 60,700 దాటింది. మైదానం కొలతలు 105, 68 మీటర్లు. హైబరీలో సుమారు 100, 67 మీటర్లే. ఇరుకైన హైబరీకి అలవాటుపడిన జట్టు కొత్త కొలతలకు సర్దుకోవడానికి కొంత సమయం తీసుకుంది.

2006 మే 7న విగాన్‌పై 4–2తో గెలిచి హైబరీకి వీడ్కోలు పలికారు. మూడు గోల్స్ చేసిన థియరీ హెన్రీ పెనాల్టీ కొట్టాక మోకాళ్ల మీద వంగి పచ్చికను ముద్దాడాడు. ఎమిరేట్స్‌లో తొలి మ్యాచ్ జూలై 22న అయాక్స్‌తో ఆర్సెనల్ ఆటగాడు డెనిస్ బెర్గ్‌కాంప్ గౌరవార్థం జరిగింది. తొలి లీగ్ మ్యాచ్ ఆగస్టు 19న ఆస్టన్ విల్లాతో జరిగి 1–1తో ముగిసింది. అధికారిక మ్యాచ్‌లలో అక్కడ తొలి గోల్ చేసినవాడు విల్లా ఆటగాడు ఓలోఫ్ మెల్‌బెరీ.

హైబరీ ఇప్పుడు ఎలా ఉంది?

హైబరీ స్క్వేర్ అనే నివాస సముదాయంగా మారింది. తూర్పు, పడమటి స్టాండుల ముఖభాగాలను అలాగే ఉంచి, లోపల 650కి పైగా ఫ్లాట్లు కట్టారు. నార్త్ బ్యాంక్, క్లాక్ ఎండ్ స్థానాలలో కొత్త భవనాలు లేచాయి. ఆడిన పచ్చిక చోట నివాసుల తోట ఉంది.

కొత్త స్టేడియంలో పాత జ్ఞాపకాలకు చోటు లేదన్న విమర్శ నిజమేనా?

మొదటి మూడేళ్లలో నిజమే. బూడిదరంగు కాంక్రీటు, గాజు తప్ప క్లబ్ గుర్తులు అంతగా కనిపించేవి కాదు. 2009లో క్లబ్ దీనిని సరిదిద్దే పని మొదలుపెట్టింది. బయటి గోడల మీద భుజాలు కలిపి నిలబడిన పూర్వపు ఆటగాళ్ల భారీ చిత్రాలు వచ్చాయి. నార్త్ బ్యాంక్, క్లాక్ ఎండ్ అనే పాత పేర్లను గ్యాలరీలకు తిరిగి ఇచ్చారు. లోపల గడియారాన్ని కూడా పెట్టారు. 2011లో క్లబ్ 125 ఏళ్ల సందర్భంగా చాప్‌మన్, టోనీ ఆడమ్స్, హెన్రీ విగ్రహాలు, 2014లో బెర్గ్‌కాంప్ విగ్రహం, 2023లో వెంగర్ విగ్రహం వెలిశాయి.

నేటి లండన్ కోల్నీ శిక్షణ కేంద్రానికి ముందు ఆటగాళ్లు ఎక్కడ సాధన చేసేవారు?

చాలాకాలం హైబరీలోనే. క్లాక్ ఎండ్ వెనుక ఉన్న గట్టినేల స్థలం దశాబ్దాలపాటు సాధనకు పనికివచ్చింది. 1980ల చివరలో అక్కడ పైకప్పుతో శిక్షణ మందిరం కట్టారు. 1961 నుంచి హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లండన్ కోల్నీ గ్రామం దగ్గర యూనివర్సిటీ కాలేజ్ లండన్ విద్యార్థుల మైదానాలను అద్దెకు తీసుకున్నారు. అద్దెదారులు కాబట్టి విద్యార్థుల అవసరాలను బట్టి నడుచుకోవలసి వచ్చేది. 1996లో వెంగర్ వచ్చే నాటికి, ఇంగ్లండ్‌లోని అగ్ర క్లబ్‌లలో ఒకటి రోజువారీ పనికి పరాయి నేల మీద ఆధారపడి ఉంది! ఆ ఏడాది అక్కడి గదుల భవనం అగ్నిప్రమాదంలో దెబ్బతినడంతో, ఆటగాళ్లు సెయింట్ ఆల్బన్స్‌లోని సాప్‌వెల్ హౌస్ హోటల్‌లో దుస్తులు మార్చుకుని సాధనకు బయలుదేరేవారు. సొంత కేంద్రం కట్టాలన్న వెంగర్ వాదనకు ఆ ప్రమాదం బలం చేకూర్చింది.

లండన్ కోల్నీ కేంద్రం ప్రత్యేకత ఏమిటి?

పాత అద్దె స్థలానికి పక్కనే నేల కొని కట్టిన ఈ కేంద్రం 1999 అక్టోబర్‌లో ప్రారంభమైంది. ఆ ఏడాది వేసవిలో ఆటగాడు నికోలా అనెల్కాను సుమారు 2.3 కోట్ల పౌండ్లకు రియల్ మాడ్రిడ్‌కు అమ్మగా వచ్చిన లాభంలో కొంత ఇందుకు ఉపయోగపడింది. పది పూర్తి స్థాయి మైదానాలు, చికిత్స గదులు, వ్యాయామశాల, ఈతకొలను, భోజనశాల ఒకే చోట అమరాయి. వెంగర్ నమూనా దశ నుంచే ప్రతి గది విషయంలో తన అభిప్రాయం చెప్పారు; వెలుతురు ధారాళంగా రావాలని, ఆటగాడు వచ్చింది మొదలు వెళ్లేవరకు తిండి, విశ్రాంతి, చికిత్స ఒక క్రమంలో జరగాలని ఆయన కోరిక.

ఆ క్లబ్‌లో వెంగర్ వదిలి వెళ్లిన వాటిలో కప్పుల కన్నా ఎక్కువకాలం పనికివచ్చేది ఇదేనని మా దృఢమైన అభిప్రాయం. స్టేడియంలో ఆటగాడు రెండు వారాలకొకసారి గంటన్నర ఆడతాడు. శిక్షణ కేంద్రానికి దాదాపు ప్రతి ఉదయం వస్తాడు. పక్కనున్న పాత విశ్వవిద్యాలయ మైదానాలను తరువాత వాట్‌ఫర్డ్ క్లబ్ వాడుకుంటోంది. 2023 నుంచి ఆర్సెనల్ కేంద్రం శోభా రియల్టీ అనే స్థిరాస్తి సంస్థ పేరును ధరించింది.

హేల్ ఎండ్ అంటే ఏమిటి?

ఈశాన్య లండన్‌లో ఉన్న బాలుర అకాడమీ. చిన్న వయసు నుంచి పదహారేళ్ల వరకు పిల్లలకు ఇక్కడ శిక్షణ ఇస్తారు. ఆ పై వయసువారు లండన్ కోల్నీకి మారతారు. బుకాయో సాకా, ఎమిల్ స్మిత్ రో వంటివారు ఇక్కడి నుంచే వచ్చారు. 2017లో ఈ ప్రాంగణాన్ని పునర్నిర్మించారు. బడి ముగిశాక సాయంత్రం వచ్చే పిల్లలకు ఇల్లు దగ్గరగా ఉండాలి కాబట్టి, అన్నింటినీ లండన్ కోల్నీకి చేర్చకుండా నగరం లోపల ఈ కేంద్రాన్ని నిలుపుకోవడం సరైన పని.

మహిళల జట్టు ఎక్కడ ఆడుతుంది?

చాలా ఏళ్లు బోరమ్‌వుడ్ పట్టణంలోని మెడో పార్క్ అనే చిన్న మైదానంలో ఆడేవారు. ఎమిరేట్స్‌లో అప్పుడప్పుడు ఆడినప్పుడు వచ్చిన జనాన్ని చూశాక క్లబ్ తీరు మారింది. 2023 మేలో వోల్ఫ్స్‌బర్గ్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌కు 60,063 మంది, 2024 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో లీగ్ మ్యాచ్‌కు 60,160 మంది వచ్చారు. 2024–25లో ఎమిరేట్స్‌ను వారి ప్రధాన మైదానంగా ప్రకటించారు; 2025–26 నుంచి మహిళల సూపర్ లీగ్ సొంత మ్యాచ్‌లన్నింటినీ అక్కడికే మార్చారు. శిక్షణ మాత్రం పురుషుల జట్టు లాగానే లండన్ కోల్నీలో జరుగుతుంది.